మాంసము మానిన యిల్లు: ఉత్తర తెలంగాణమున శాకాహార వ్రత చరిత్రము



మన పద్మశాలి యిండ్లలో నొకడు మాంసము మానెనని తెలియగానే ఊరివారు మొదట నడుగునది "ఏ దీక్ష?" అనియే. తరువాత "ఎన్ని దినములు?" అని యడుగుదురు. నలువది యొక్క దినములని చెప్పినచో సంతోషించి ఊరకుందురు. ఎల్లకాలమునకు మానితినని చెప్పినచో మాత్రము అందఱి ముఖములును మాఱును. తల్లి దిగులు పడును. భార్య పొయ్యి వంక చూచును. వియ్యంకుడు రాబోవు పెండ్లి విందును గూర్చి యాలోచించును. ఒక్కని విస్తరిలో నొక్క వంటకము తగ్గినంతనే ఇంతమంది యేల కలతపడవలయునో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మన ప్రాంతమున ఈ విచారణ మఱింత యవసరము. 2014వ సంవత్సరపు ప్రభుత్వ నమూనా నమోదు సర్వేలో, తెలంగాణమున పదునైదేండ్లు దాటిన వారిలో నూటికి 98 మందికి మించి మాంసాహారులని తేలినది. దేశమునందలి పెద్ద రాష్ట్రములలో నిదియే అధికము. గుజరాతునందో రాజస్థానమునందో మాంసము తిననివారే యధికసంఖ్యాకులు. కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో మాంసము మానినవాడు నూఱుగురిలో నొంటివాడగును. అందుచేత నిచ్చట శాకాహార వ్రతము ఒకని నాలుకకు సంబంధించిన విషయమై నిలువక, ఇల్లు, బంధువర్గము, కులపంక్తి, గ్రామదేవత, వీనినన్నిటిని తాకుచున్నది.

ఐనను ఈ వ్రతము మన నేలకు క్రొత్తది కాదు.

ప్రాచీన కాలము

ఆంధ్రదేశమున మాంసము మానిన గృహస్థుని వృత్తాంతము మొదట శిలాక్షరములలో కానవచ్చునది కర్నూలు జిల్లా యెఱ్ఱగుడిలోని అశోకుని శాసనమున. ఆ గృహస్థుడు చక్రవర్తి. ఆయన వంటశాలలో పూర్వము కూరకొఱకు దినదినమును లక్షల ప్రాణులు చంపబడుచుండెననియు, శాసనము వ్రాయించునాటికి రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, అందును లేడి నిత్యము కాదనియు, ఇకముందు ఈ మూడును చంపబడవనియు అందు చెప్పబడినది. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమున ఇంతటి నిజాయితీతో నొక రాజు తన వంటశాల లెక్క చెప్పుట యాశ్చర్యకరము. "మానితిని" అని ఒక్కమాటుగా చెప్పుకొనక, "ఇంత తగ్గినది, ఇంత మిగిలినది" అని చెప్పినాడు. అంతటి చక్రవర్తికిని వంటశాల ఒక్క దినమున మాఱలేదు.

మన కరీంనగర సీమలో ధూళికట్ట స్తూపము బౌద్ధము ఇచ్చట వేళ్లూనెనని చూపుచున్నది. బౌద్ధభిక్షువులకు మాంసము సంపూర్ణముగా నిషిద్ధము గాదనియు, తమకొఱకు చంపబడినట్లు చూచిన, విన్న, అనుమానించిన మాంసమే నిషిద్ధమనియు వినయగ్రంథములు చెప్పుచున్నవి. భిక్షాటనము చేయువాడు గృహస్థు పెట్టినదానిని కాదన్నచో ఆ గృహస్థు మనసు నొచ్చుననెడి విచక్షణ ఆ నియమమునందు గలదు. తన వ్రతమునకును, ఎదుటివాని యాతిథ్యమునకును మధ్య దారి వెదకవలసిన యవసరము నాటినుండియు నున్నదన్నమాట.

వేములవాడ చాళుక్యుల నాడు

మన జిల్లా చరిత్రలో ఈ విషయమునకు మిక్కిలి దగ్గఱిది పదవ శతాబ్దము. వేములవాడ రాజధానిగా చాళుక్యులు, రాష్ట్రకూటులకు సామంతులై, ఏలుచుండిరి. రెండవ అరికేసరి యాస్థానమున కన్నడ ఆదికవి పంపడు 941వ సంవత్సరమున విక్రమార్జునవిజయమును రచించెను. పంపని వంశము వేంగినాటి బ్రాహ్మణవంశము. పూర్వులలో మాధవ సోమయాజి యనువాడు యజ్ఞములు చేసిన ప్రఖ్యాతుడు. ఆ వంశమున పుట్టిన పంపని తండ్రి జైనమును స్వీకరించెను. తన పూర్వుని కీర్తి యజ్ఞపు పొగచే మసిబాఱెనన్న భావమును పంపడే తన కావ్యమున చెప్పుకొనినాడు. పూర్వుల యెడ గౌరవమును విడువకయే వారి యాచారమున నొకదానిని కాదనుట యెట్లో ఆ మాటలో తెలియును.

పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలము కురిక్యాల యొద్దనున్న బొమ్మలగుట్టపై జినబింబములను చక్రేశ్వరీ మూర్తిని చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషలలో శాసనము వేయించెను. అందలి తెలుగు కందపద్యములు మన భాషా చరిత్రకు అమూల్యములు. తెలుగు పద్యము తొలి యడుగులు వేసిన గుట్టలలో నొకటి, ప్రాణిహింస కూడదను మతమువారి గుట్టయగుట మన సీమకు గర్వకారణము.

అదే గంగాధర పట్టణమున, అరికేసరి పెద్దకుమారుని కాలమున, 959వ సంవత్సరమున సోమదేవసూరి యశస్తిలకమను చంపూకావ్యమును ముగించెను. ఆ గంగాధరయే నేటి మన గంగాధర యని పండితులు గుర్తించినారు. సోమదేవునికై బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయమును కట్టించెననియు, ఆతని కుమారుడు 966లో ఆ జినాలయమునకు గ్రామదానము చేసెననియు పర్భణీ తామ్రశాసనము తెలుపుచున్నది.

యశస్తిలకమునందలి కథ మన ప్రస్తుత విషయమే. ఉజ్జయినీ రాజు యశోధరుడు తనకు దుస్స్వప్నము కలిగినదని చెప్పగా, దాని శాంతికై దేవతకు జంతుబలి ఇయ్యవలెనని తల్లి పట్టుపట్టినది. కుమారుడు హింసకు ఒప్పుకొనలేదు. తల్లి మాటను త్రోసిపుచ్చుటకును మనసు రాలేదు. తుదకు పిండితో కోడిని చేసి దానిని బలియిచ్చుటకు సమ్మతించెను. ఆ సంకల్పదోషముచే తల్లియు కుమారుడును పెక్కు జంతుజన్మము లెత్తి, తమ కుమారుని యింటనే, తమ పేర జరుగు పితృవిందునకే ఆహారమై, ఎన్నో దుఃఖములు పడిరని కథ. చివరకు అన్నచెల్లెండ్రుగా పుట్టి, తమ్ము బలియియ్యబోయిన మారిదత్తునికి ఈ వృత్తాంతమును చెప్పి ఆతని మనసు మార్చిరి.

జైనసిద్ధాంతమును బట్టి ఈ కథ పిండికోడియు తప్పేయని చెప్పుచున్నది. సిద్ధాంతము నటుంచి గృహస్థులమై చదివినచో మనకు కనబడునది తల్లీకుమారుల సంకటము. తల్లి దుష్టురాలు కాదు. బిడ్డకు కీడు రాకూడదనియే బలి కోరినది. కుమారుడు అవిధేయుడు కాడు. ప్రాణిని చంపలేక బాధపడినాడు. ఇద్దఱివియు ప్రేమలే. మన యిండ్లలోను పోచమ్మకు కోడిని మ్రొక్కిన తల్లియు, కోయనని చెప్పిన కుమారుడును పిండికోడి వంటి యేదో యొక సంధికి వచ్చుచునే యున్నారు. గుమ్మడికాయ కొట్టుట, కోడిని కోయక గాలికి విడిచిపెట్టుట, టెంకాయతో సరిపెట్టుట, ఇవన్నియు అట్టివే. వేయి సంవత్సరములకు పూర్వము మన గంగాధరలో కావ్యమునకెక్కిన చిక్కు నేటికిని విడిపోలేదు.

రాజన్నయు, పోచమ్మయు

జైనము తరువాత వీరశైవము వచ్చినది. లింగధారణము చేసినవాడు మద్యమాంసములను వర్జింపవలెనన్న నియమముచే ఎన్నో కులములలో నొక శాఖ శాకాహారి యయ్యెను. నేతపనివారిలోను లింగధారులున్న సంగతి మన పెద్దలెఱిగినదే. అట్లు లింగము కట్టిన యింటికిని కట్టని యింటికిని నడుమ పిల్లనిచ్చి పుచ్చుకొనుటలు క్రమముగా తగ్గి, ఒకే కులము రెండు పాయలగుటయు కలదు.

ఐనను ఆ సంప్రదాయపు గ్రంథమైన పాల్కురికి సోమనాథుని బసవపురాణముననే కన్నప్ప కథ యున్నది. శివునకు వేటమాంసము నివేదించిన బోయవాడు భక్తులలో నగ్రగణ్యుడైనాడు. మాంసము మానుమని చెప్పిన మతమే మాంసము పెట్టిన భక్తుని తలపై నుంచుకొన్నది. ఈ రెండును ఒకేచోట నిలువగలవని మన పూర్వులు గ్రహించిరి.

వేములవాడ యాత్ర దీనికి ప్రత్యక్ష నిదర్శనము. రాజన్నకు కోడెమ్రొక్కు ప్రసిద్ధము. భక్తుడు కోడెను పట్టుకొని ప్రదక్షిణము చేసి గుడివద్ద కట్టివేయును. ప్రాణితో తీర్చుకొను మ్రొక్కే, కాని ప్రాణము తీయని మ్రొక్కు. ఆ మఱునాడు అదే కుటుంబము బద్దిపోచమ్మకు బోనమెత్తి కోడినో యాటనో సమర్పించి, అచ్చటనే వండుకొని బంధువులతో భుజించును. ఒకే యాత్రలో రెండు నివేదనలు, రెండు పొయ్యిలు. ఇట్టి యింట నొకడు మాంసము మానెనేని, అతడు రాజన్న యొద్ద నందఱితో కలిసియుండి పోచమ్మ యొద్ద నొంటివాడగును. అతని భోజనము మాఱుటతోపాటు యాత్రలో సగభాగము నుండియు తాను తప్పుకొన్నట్లగును.

ఆదిలాబాదు సీమ

గోదావరి దాటి యుత్తరమునకు పోయినచో మఱియొక చిత్రము కనబడును. రాజగోండులలో పెర్సపేను పూజయందు బలి మాంసమును ఒక్క కుదురువారు కలిసి వండుకొని తినుట బంధుత్వమునకే గుఱుతు. హైమెండార్ఫ్ పండితుడు 1948లో ప్రకటించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథమున ఈ సంగతులను విపులముగా వర్ణించెను. అట్టి సమాజమున మాంసము మానుట యనగా రుచిని విడుచుట మాత్రమే గాదు, వంశభోజనమున తన వంతును విడుచుటయగును. అట్టివానికి వదలుకొన్నదాని వెల మన లెక్కకంటె నెక్కువ.

మహారాష్ట్ర సరిహద్దునందు విఠలభక్తి వ్యాపించినది. ఆషాఢ కార్తిక ఏకాదశులకు పండరిపురము పోవు వార్కరీ సంప్రదాయమున తులసిమాల వేసికొన్నవాడు మాలకరి యగును. మద్యమాంసములు అతనికి నిషిద్ధములు. ఈ మాల కులమునుబట్టి వచ్చునది కాదు. ఎవడు వేసికొన్న వానిదే. కావున నొకే యింట అన్న మాలకరియు తమ్ముడు కాక యుండుటయు, వేఱు వేఱు కులముల మాలకరులు ఒక్క భజనలో కూడుటయు జరుగుచుండును. ఇంట పంక్తి చీలినను, వెలుపల మఱియొక పంక్తి యేర్పడుట ఇందలి విశేషము.

లంబాడీ తండాలలోని యేర్పాటు మిక్కిలి తెలివిగలది. 1739లో పుట్టినట్లు వారు పాటించు సేవాలాల్ మహారాజు శాకాహారియని వారి విశ్వాసము. కనుక ఆయన భోగునకు బెల్లము, నేయి, ధాన్యములతో చేసిన తీపి వంటకమే నివేదనము. జగదంబకు మేకపోతు నివేదనము. దేవతలే ఇద్దఱు రెండు విధములుగా భుజించుచు, ఒకే తండాలో కలహము లేక పూజలందుకొనుచుండగా, మనుష్యుల మధ్య కలహ మేల యని యడుగవచ్చును.

కులసభల కాలము

ఇరువదవ శతాబ్దమున శాకాహార విషయమునకు మఱియొక రంగు పట్టినది. 1901 జనగణనలో కులములను సాంఘిక స్థానమునుబట్టి వరుసలో నిలుపవలెనని ప్రభుత్వము యత్నించుటతో, దేశమంతట కులసంఘములు పుట్టి, తమ స్థానమును పెంచుకొనుటకు పురాణములను శాసనములను వెదకసాగెను. 1920లో నైజాము రాజ్యపు కులములను గూర్చి సయ్యద్ సిరాజుల్ హసన్ ప్రకటించిన గ్రంథమున, ఏ కులమువారేమి తిందురు, ఎవరి చేతి నీరు త్రాగుదురు అను విషయములు కులస్థానముతోపాటే చెప్పబడినవి. కంచములోని కూర కులమునకు కొలబద్దయైన కాలమది. మద్యమాంసములను మానవలెనని పెక్కు కులసభలు తీర్మానించుటకు ఇదియు నొక కారణము. 1952లో ఎం.ఎన్. శ్రీనివాస్ పండితుడు కూర్గు ప్రజల గూర్చిన గ్రంథమున, పై కులముల యాచారముల నవలంబించి స్థానము పెంచుకొను ఈ పద్ధతికి సంస్కృతీకరణమని పేరు పెట్టెను.

మన కులమునందును ఈ వాదము లేకపోలేదు. మనము మార్కండేయ మహర్షి సంతతివారము, భావనాఋషి వంశీయులము, నూలిపున్నమినాడు జంధ్యము మార్చుకొనువారము. కావున మాంసము మనకు తగదని కొందఱందురు. జంధ్యమును మాంసమును ఒకే మేనికి తగునాయని పిల్లలడిగినపుడు పెద్దలు సమాధానము చెప్పలేక పోవుటయు కలదు. మే మిట్లు విన్నవించుచున్నాము. ఋషిసంతతి యని నిరూపించుకొనుటకై మాంసము మానినవాడు, నిరూపణ ముగియగానే మాంసము గూర్చి మఱచి, మానని సోదరుని చిన్నచూపు చూచుటకు మొదలిడును. జంతువుపై కలుగవలసిన దయ బంధువుపై నిరసనగా మాఱిన వ్రత మెట్టిది?

సంఘమే చీలిన యుదాహరణము గలదు. పంజాబు ఆర్యసమాజము 1893లో రెండు పక్షములయ్యెను. విద్యావిధానముతోపాటు మాంసాహారము కూడదా యను ప్రశ్నయు ఆ చీలికకు ముఖ్యకారణము. వేదమునందు, సంస్కరణమునందు, దేశభక్తియందు ఏకాభిప్రాయము గలవారే కూరవద్ద విడిపోయిరి.

దీనికి మాఱుగా నొక గొప్ప యుదాహరణము మన హైదరాబాదులోనే యున్నది. 1888లో జన్మించి 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు ఆదిహిందువులలో మద్యమును, దేవతల పేర జరుగు జంతుబలులను మాన్పుటకు జీవితమంతయు పాటుపడిరి. నగరమున జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలితో కలిసి పనిచేసిరి. ఆయన శ్రమవలన ఎన్నో యిండ్లలో కల్లుకు బలికి పోవు సొమ్ము బడికి పోయెను. కాని మాంసము మానిన యాదిహిందువునకు ఊరి బావి తెఱచుకొన్నదా? గుడి తలుపు తెఱచుకొన్నదా? తెఱచుకొనలేదు. ఆహారము మాఱినంతనే స్థానము మాఱునన్న మాట ఎంత పొల్లో దీనివలన స్పష్టమగుచున్నది. భాగ్యరెడ్డివర్మగారు ఆ సంగతి నెఱిగియే, ఆహార సంస్కరణముతో నిలువక, పాఠశాలలను నెలకొల్పి హక్కులకై పోరాడిరి. 1939లో ఆయన పరమపదించునాటికి మిగిల్చిన యాస్తి ఆ పాఠశాలలే.

ఇంటిలోపల

చరిత్రమును చాలించి యింటిలోనికి వత్తము.

మాంసము మానిన పురుషునకు మొదట కలుగు లాభములు స్పష్టములు. కొన్ని యిండ్లలో కల్లు సారాయములును మాంసముతోపాటే పోవును. మ్రొక్కుల పేర, దావతుల పేర యాటలను కోయుటకై చేయు అప్పు తగ్గును. మగ్గముమీద బ్రదుకువానికి ఒక యాట వెల చిన్నది కాదు.

ఇక భారము ఎవరిపై పడుననగా ఆ యింటి యాడుదానిపై. రెండు గిన్నెలు, రెండు గరిటెలు, రెండు పొయ్యిలు, ఒక్కతే మనిషి. కొండగట్టు ఆంజనేయుని దీక్ష నలువది యొక్క దినములు పట్టి చైత్రపున్నమికో వైశాఖ బహుళ దశమికో విరమించువారు మన సీమలో వేలకొలది. ఆ దినములలో ఇల్లాలు తెల్లవారకముందే లేచి, స్నానము చేసి, వేఱుగా వండి, ఇల్లంతయు మడిగా నుంచును. దీక్ష భర్తది, శ్రమ భార్యది. నలువది యొక్క దినములు గావున అది పండుగవలె గడచును. ఎల్లకాలపు వ్రతమైనచో ఆ శ్రమ యెల్లకాలము నుండును. మాంసము మానదలచినవాడు మొదట భార్యను, తల్లిని అడిగి, తన గిన్నె తాను కడుగుకొనుటకు సిద్ధపడి, తరువాత సంకల్పము చెప్పుకొనుట ధర్మము.

శుభాశుభములయందు మఱియొక చిక్కు. పెండ్లి తరువాతి విందులో యాటకూర లేనిచో మర్యాద జరుగలేదని వియ్యాలవారు కినుక వహింతురు. పెత్రమాసనాడు కొన్ని యిండ్లలో పెద్దలకు వారికి ప్రియమైన మాంసమునే పెట్టుదురు. మరణించిన మూడవదినమున పిట్టకు పెట్టునపుడు పోయినవానికి ప్రియమైన పదార్థములుండవలెనందురు. పిట్ట ముట్టువఱకు బంధువులందఱు ఎదురుచూతురు. మాంసము మానిన కుమారుడు మాంసప్రియుడైన తండ్రికి ఏమి పెట్టవలయును? తన వ్రతమా, తండ్రి రుచియా? ఇది ధర్మసూక్ష్మము. మా యభిప్రాయమున, వ్రతము తన కంచమువఱకే. తండ్రి విస్తరి తండ్రిదే.

ఊరియందును ఈ వ్రతము తాకుచున్నది. గొల్ల కుర్మల మందకు, ఆరెకటికవారి దుకాణమునకు, బోనపు దినమున డప్పుకొట్టువానికి, మన పండుగతో ముడిపడిన బ్రదుకులున్నవి. ఒక్కడు మానినచో వారికి లోటు లేదు. కాని "మాంసము తినువారు, అమ్మువారు పాపులు" అని యొక్కడు పలికినచో ఊరిలో సగమునకు గాయమగును. షోలాపురము, భీవండి, బొంబాయి పోయిన మన సోదరులు ఒక్క గదిలో నలుగురైదుగురు కూడి వంతుల వారీగా వండుకొనునపుడు, ఒక్కని వ్రతము నలుగురి వంటయగును. పరదేశమున ఒకరికొకరే దిక్కైనవారు కూరకొఱకు గది మార్చుకొనరాదు.

ఆరోగ్యమును గూర్చి

మాంసము మానినచో బలము తగ్గుననువారును, మానిననే బలమనువారును గలరు. రెండును అతిశయోక్తులే. జొన్న, మక్క, వరి యన్నములతో కంది, పెసర, శనగ పప్పులను కలిపి తిన్నచో మాంసకృత్తులకు కొఱత రాదు. పప్పుచారును మన పూర్వులు ఊరక కనిపెట్టలేదు. ఐతే బి12 అను విటమిను జంతుసంబంధమైన ఆహారమునందే లభించును. 1948లో వేఱుచేయబడిన ఈ పదార్థము రక్తమునకు, నరములకు అవసరము. శరీరమున దీని నిలువ కొన్నియేండ్లు సరిపోవును గాన, లోపము వెంటనే కనబడక ఆలస్యముగా బయటపడును. శాకాహారి పాలు పెరుగులను నిత్యము తీసికొనవలెను. అవియు మానినవాడు వైద్యుని సలహాతో ఆ విటమినును పుచ్చుకొనవలెను. గర్భిణులకు, బాలింతలకు, ఎదుగు పిల్లలకు ఇనుమును గూర్చియు జాగ్రత్త యవసరము. తండ్రి వ్రతము పట్టెనని పిల్లవాని గ్రుడ్డును తీసివేయుట ధర్మము గాదు. పాలు కొనలేని యింట అది యన్యాయమే యగును.

గాంధీమహాత్ముని యనుభవము

ఈ విషయమున మహాత్ముని జీవితము పాఠ్యపుస్తకము వంటిది. బాల్యమున మిత్రుని ప్రోద్బలమున రహస్యముగా మాంసము తిని, ఇంట ఆకలి లేదని తల్లితో అబద్ధమాడవలసి వచ్చి, ఆ యబద్ధమును భరింపలేక మానెను. 1888లో ఇంగ్లండునకు పోవునపుడు తల్లికి మాట యిచ్చి పోయెను. అచ్చట ఆకలితో నకనకలాడియు మాట తప్పలేదు. తరువాత సాల్టుగారి గ్రంథము చదివి, తల్లికిచ్చిన మాటను తన సొంత విశ్వాసముగా చేసికొనెను; శాకాహార సంఘమున చేరెను. దక్షిణాఫ్రికాలో కస్తూరిబా జబ్బుపడినపుడు మాంసరసము తీసికొనవలెనని వైద్యుడు పట్టుపట్టగా, ఆ నిర్ణయమును గాంధీ ఆమెకే వదలెను, ఆమెయే వలదనెను. 1931 నవంబరు 20వ తేదీన లండను శాకాహార సంఘమున మాటలాడుచు, ఆరోగ్యముకొఱకు మాత్రమే మాంసము మానినవారు తఱుచు నిలువరనియు, నీతి యాధారముగా నుండవలెననియు, శాకాహారులు పరుల యెడ సహనము చూపవలెననియు బోధించెను.

ఇందు మనము గ్రహింపవలసిన క్రమ మొకటి గలదు. మొదట తల్లికొఱకు, పిదప తనకొఱకు, తుదకు జీవులకొఱకు. కులముకొఱకు అను మెట్టు అందెచ్చటను లేదు.

మహాసభకు విన్నపము

కావున మేము సవినయముగా విన్నవించుకొను నంశములివి.

మాంసము మానుట వ్యక్తి యిష్టమునకు వదలవలెను, కులకట్టుబాటుగా తీర్మానింపరాదు. తీర్మానముతో మానినవాడు చాటున తినును, చాటున తిన్నవాడు అబద్ధమాడును. మాంసము కంటె అబద్ధము చెడ్డది.

కులవిందులయందు శాకాహారులకు వేఱుగా, శుభ్రముగా వండించవలెను. కాని పంక్తిని వేఱుచేయరాదు. ఒక్క వరుసలో ప్రక్కప్రక్కన గూర్చుండి యెవరి విస్తరి వారు తినుట మనకు కష్టము కాదు.

సంబంధములు కుదుర్చునపుడు ఆహారమును గూర్చి ముందుగనే దాపరికము లేక చెప్పుకొనవలెను. పుట్టినింట మాంసము తిన్న కోడలిని అత్తింట బలవంతముగా మాన్పించుటయు, పుట్టినింట మానిన పిల్లచేత అత్తింట వండించుటయు రెండును హింసలే.

గ్రామదేవత పండుగలలో బలిని మానదలచిన కుటుంబమును ఊరివారు వెలివేయరాదు. మానిన కుటుంబము తన పాలు చందాను, బోనమును ఎగవేయరాదు. 1950లో మదరాసు రాజ్యమున పూజాస్థానములందు జంతుబలులను నిషేధించు చట్టము పుట్టినను, ఆచారము చట్టముతో మాత్రమే మాఱలేదు. ఇంటిపెద్దల మనసులు మాఱిన చోటనే మాఱినది.

మనము మగ్గమువారము. పడుగు పోగులన్నియు ఒక్క రంగువి గాకున్నను, పేకతో కలిసి నేసినప్పుడే చీరకు అంచు కుదురును. ఒక పోగు తెగినచో నేతగాడు మగ్గమాపి ముడివేయునే గాని, తెగిన పోగును తప్పుపట్టి కూర్చుండడు. మాంసము మానిన సోదరుడును, మానని సోదరుడును ఒక్క పడుగులోని పోగులే. మానినవాని దయ జంతువులతో మొదలై మనుష్యులవఱకు రావలెననియు, మాననివాని మర్యాద మానినవాని విస్తరివఱకు పోవలెననియు కోరుచు, ఈ మహాసభ నిర్విఘ్నముగా జరుగుటకై మార్కండేయ భగవానుని ప్రార్థించుచున్నాము.